హెచ్చరిక: గుర్రపు లాయాల్లో గునపాలు దింపకండి

పాతకోటల్లో రాత్రిపూట గునపం పట్టుకుని తిరిగేవాళ్లకూ, అది తెలిసి కూడా మనకెందుకులే అని ఊరుకునేవాళ్లకూ ఈ మాట. గుప్తనిధుల ఆశతో గోడ మొదట్లో తవ్వే ప్రతి గొయ్యీ ఆ గోడను పడగొట్టేదే. వానలు ముదిరాయంటే ఆ గోడ ఎవరి మీద పడుతుందో చెప్పలేం. ఘాట్ రోడ్డు వచ్చాక కొండవీడు కోట మీదికి పిల్లాపాపలతో వచ్చేవాళ్లు పెరిగారు. వాళ్లు నీడ కోసం నిలబడేది ఆ గోడల పక్కనే.

గుడికి పూజారి ఉంటాడు, దర్గాకు ముజావరు ఉంటాడు. గుర్రపు లాయానికి, ధాన్యం గాదెకు, పావురాల గోపురానికి ఎవరున్నారు? వాటికి పండగ లేదు, తిరునాళ్ల లేదు. అందుకే తవ్వేవాళ్ల కన్ను ముందు వాటి మీదే పడుతోంది.

నిజానికి ఒక రాజ్యం ఎలా నడిచిందో చెప్పేవి అవే. కొండవీటి రెడ్లలో అనవోతారెడ్డి 1358లో మోటుపల్లి రేవులో శాసనం వేయించి, సముద్రం మీద వచ్చే వర్తకులకు అభయమిచ్చాడు. కుమారగిరిరెడ్డికి సుగంధ ద్రవ్యాలు సమకూర్చిన అవచి తిప్పయ్యశెట్టి హురుముంజి గుర్రాలు కూడా తెప్పించాడని శ్రీనాథుడి హరవిలాసంలో ఉంది. పర్షియా తీరం నుంచి ఓడలో వచ్చిన గుర్రానికి నీడ కావాలి, నీళ్లు కావాలి, దాణా కావాలి. లాయంలో కట్టురాళ్ల మధ్య ఎడం, తొట్టి లోతు, నేల వాలు కొలిస్తే ఎన్ని గుర్రాలు కట్టేవారో, నీళ్లు ఎటు పోయేవో లెక్క తేలుతుంది. నేల తవ్వేస్తే ఆ లెక్క మళ్లీ దొరకదు.

గండికోటలో జామా మసీదు, పెద్ద గాదె ఉన్నచోటనే జాలీ కిటికీల పావురాల గోపురం ఒకటి ఉంది. చూసేవాళ్లు ఫొటో తీసుకుని పోతారు. కానీ పావురాల కోసం కట్టడం కూడా ఒక విద్యే. గాలి ఆడాలి, పిల్లీ పామూ చొరబడకూడదు. ఇరాన్‌లోని ఇస్ఫహాన్ చుట్టుపక్కల పుచ్చతోటలకు ఎరువు కోసమే పావురాల బురుజులు కట్టారు. ఇంగ్లండ్‌లో విల్లింగ్టన్ అనే ఊళ్లో 16వ శతాబ్దపు పావురాల ఇల్లు ఉంది. లోపల దాదాపు 1,500 గూళ్లు, ఎదురుగా లాయం. కోట కాదు, రాజమందిరం కాదు. అయినా రెండింటినీ నేటికీ కాపాడుకుంటున్నారు.

మన పాతగోడ లోపల ఏముందో తెలుసుకోండి. బయటొక వరస రాయి, లోపలొక వరస రాయి, నడుమ చిన్నరాళ్లూ మట్టీ సున్నమూ. వానలకు నడిమి సరుకు జారితే అక్కడ ఖాళీ పడుతుంది. తడితే డొల్లగా మోగుతుంది. ఆ మోత విని లోపల బిందె ఉందనుకుని రాయి పీకుతున్నారు. పీకిన రాయి చోటునుంచి నీళ్లు దిగుతాయి, రావి మొక్క వేరు పెడుతుంది. ఆపైన గోడ పొట్ట ఉబ్బుతుంది. పొట్ట ఉబ్బిన గోడ దగ్గరికి ఎవర్నీ వెళ్లనివ్వకండి.

బాగుచేద్దామని బయల్దేరేవాళ్లూ ఆగాలి. సిమెంటు పూస్తే లోపలి చెమ్మ బయటికి రాదు, సున్నపు గోడ లోలోపల కుళ్లిపోతుంది. పిడుగురాళ్ల సున్నం బట్టీలు కొండవీడు ఉన్న జిల్లాలోనే ఉన్నాయి కదా! సున్నపు పని తెలిసిన మేస్త్రీ చేత, పురావస్తు శాఖ అనుమతితోనే చేయించాలి. శ్రమదానానికి వెళ్లే కుర్రాళ్లకు ఇంకో మాట: పావురాల రెట్ట, గబ్బిలాల రెట్ట పేరుకున్న చీకటి గదుల్ని పొడిగా ఊడ్చకండి. ఆ దుమ్ముతో ఊపిరితిత్తుల్లోకి ఫంగస్ జబ్బులు దిగుతాయి. మంచి మాస్కు లేకుండా, తడపకుండా చీపురు పట్టొద్దు. ఉబ్బసం ఉన్నవాళ్లు అసలు లోపలికి పోవద్దు.

తవ్వకమే తప్పని నేననడం లేదు. నాగార్జునసాగర్ నీళ్లు రాకముందు, 1954 నుంచి 1960 దాకా నాగార్జునకొండ లోయను పురావస్తు శాఖ తవ్వింది. దొరికిన ప్రతిదాన్నీ రాసిపెట్టుకుంది. లోయ మునిగినా ఇక్ష్వాకుల విజయపురి గురించి ఇవాళ మనకు తెలుస్తున్నది అందువల్లే. దొంగ తవ్వకానికి రాత ఉండదు.

చట్టం కూడా ఊరుకోదు. కేంద్ర రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే 1958 చట్టం కింద రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. 1878 నాటి చట్టం ప్రకారం 10 రూపాయలకు మించిన విలువున్న నిధి ఏది దొరికినా కలెక్టరుకు తెలపాల్సిందే.

కోట దగ్గర రాత్రి వెలుతురు కనబడినా, కొత్త గొయ్యి, నిమ్మకాయలు, పసుపు కుంకుమలు కనబడినా వెంటనే 112కు ఫోన్ చేయండి. మీరే వెళ్లి తవ్వేవాళ్లకు ఎదురు నిలబడకండి. గొయ్యి ఫొటో తీసి, తెల్లారగానే తహసీల్దారు కార్యాలయంలో రాతపూర్వకంగా ఇవ్వండి. గొయ్యిని మీరు పూడ్చకండి. అధికారులు చూసేదాకా చుట్టూ తాడు కట్టి, పిల్లల్ని అటు పోనివ్వకండి.