క్విజ్ ప్రశ్నగా మిగిలిపోయిన పాట

1981 ఆగస్టు 1న అమెరికాలో ఎంటీవీ మొదలైనప్పుడు తెర మీద మొట్టమొదట వేసిన పాట ఏది? క్విజ్‌ల అలవాటున్న వాళ్లకి జవాబు నోటికొచ్చు: బగుల్స్ బృందం పాడిన ‘వీడియో కిల్డ్ ద రేడియో స్టార్’. మార్కు పడుతుంది, తరువాతి ప్రశ్నకి వెళ్లిపోతారు. నలభై ఏళ్లు దాటినా ఈ పాటకి దక్కుతున్న మర్యాద అంతే. నాకు కడుపు మండేది ఇక్కడే.

ఎంటీవీ దయతో పైకొచ్చిన పాట కాదిది. దాదాపు రెండేళ్ల ముందే, 1979 సెప్టెంబరులో విడుదలై, అక్టోబరులోనే బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది. ఐలాండ్ రికార్డ్స్ సంస్థకి అక్కడ అదే తొలి నంబర్ వన్. అమెరికాలో మాత్రం నలభయ్యో స్థానం దగ్గరే ఆగిపోయింది. అయినా దాని చరిత్రంతా ఆ అమెరికా చానల్ పేరు మీదే రాస్తున్నారు.

బగుల్స్‌గా నిలిచిన ట్రెవర్ హార్న్, జెఫ్ డౌన్స్ ఇద్దరూ బ్రూస్ వూలీతో కలిసి 1978లో కట్టిన పాట ఇది. జె.జి. బల్లార్డ్ కథ ‘ద సౌండ్ స్వీప్’ హార్న్‌ని పట్టి కుదిపింది; పాటకి ప్రేరణ అదే. వినేవాళ్లే కరువైన లోకంలో ఒక ఒపెరా గాయని, గోడలకి అంటుకున్న శబ్దాలని ఊడ్చే ఒక మూగవాడు. వాళ్లిద్దరి కథ అది. వూలీ తన కెమెరా క్లబ్ బృందంతో 1979లో ఈ పాటని విడిగా, గిటార్ల జోరుతో రికార్డు చేశాడు. కీబోర్డు దగ్గర థామస్ డాల్బీ. ఆ రికార్డు ఊసెత్తే వాళ్లే లేరు.

ఇక బగుల్స్ రికార్డులోని పనితనం చూడండి. హార్న్ తన గొంతుని గిటార్ ఆంప్లిఫయర్ గుండా పంపి, పాత రేడియోలోంచి వస్తున్నట్టు పీలగా మార్చాడు. పల్లవి వచ్చేసరికి ఇద్దరు స్త్రీల గొంతులు నిండుగా, మెరుస్తూ పైకి లేస్తాయి. వీడియో రాకతో వెనకబడ్డ రేడియో గాయకుడి గొంతు సన్నబడింది, కొత్త కాలం గొంతు నిండింది. సాహిత్యం అర్థం కాకపోయినా ఆ బాధ చెవికి అందుతుంది. ఒక పాప్ పాట మీద నెలల తరబడి కూర్చుని ఇంత ఆలోచనతో చెక్కితే, ‘సరదా పాట’ అని తీసిపారేయడం ఎక్కడి న్యాయం?

ఆ పల్లవి పాడిన ఇద్దరూ లిండా జార్డిమ్, డెబీ డాస్. జనం హమ్ చేసేది హార్న్ పాడిన చరణాలని కాదు, ఆ స్త్రీల మాటల్లేని ఆలాపనని. దాని బలం మన దేశానికీ తెలుసు. 1982లో ‘డిస్కో డాన్సర్’ సినిమాకి బప్పి లహరి (‘సింహాసనం’, ‘గ్యాంగ్ లీడర్’ పాటలతో మనకి దగ్గరైన ఆయనే) ‘కోయీ యహా నాచే నాచే’ కట్టినప్పుడు ఆ బాణీనే పట్టుకున్నాడు. ఉషా ఉతుప్ గొంతులో అది ఊళ్లూ వాడలూ తిరిగింది. అసలు పాడినవాళ్ల పేర్లు మాత్రం ఇక్కడా తెలియవు, అక్కడా పెద్దగా తలవరు.

‘ఒక్క పాటతో సరిపెట్టుకున్న బృందం’ అన్న ముద్ర ఒకటి. బ్రిటన్‌లో వాళ్ల ‘లివింగ్ ఇన్ ద ప్లాస్టిక్ ఏజ్’ తొలి ఇరవైలోకి వెళ్లింది. డౌన్స్ ఆ తరువాత ఏషియా బృందంలో చేరాడు. హార్న్ అయితే ఏబీసీ, ఫ్రాంకీ గోస్ టు హాలీవుడ్ లాంటి బృందాలకి నిర్మాతగా ఎనభైల పాప్ సంగీతం ఎలా మోగాలో నిర్ణయించిన మనిషి. ఆ చెవి, ఆ ఓపిక ఈ సింగిల్‌లోనే కనిపిస్తున్నాయి.

కాబట్టి పాటల చరిత్ర రాసేవాళ్లకి నా మొర ఇది. ఎంటీవీ సంగతి ఒక్క వాక్యంలో ముగించండి. వూలీ రికార్డుని పక్కన పెట్టి రెండూ వినిపించండి. క్విజ్ మాస్టర్లు కూడా ఈసారి ప్రశ్న మార్చాలి: ఆ పల్లవి పాడిన ఇద్దరు ఎవరు?