అర్థమైందా అని నన్ను అడక్కండి

గుంటూరు నుంచి సికింద్రాబాద్ వెళ్లే రైల్లో కిటికీ పక్కన కూర్చుని ఈజిప్టు గాయని ఉమ్ కుల్సుం పాట వింటున్నాను. ఇయర్‌ఫోన్ పిన్ను ఊడిపోయి ఫోను బయటికి పాడేసింది. ఎదుటి సీటాయన ఓ నిమిషం విని, "అరబ్బీ వచ్చా మాస్టారూ?" అన్నాడు. రాదన్నాను. "ఒక్క ముక్కా రాదా?" రాదన్నాను. "మరెందుకు వినడం?" అని, నేను టిక్కెట్టు లేకుండా దొరికిపోయినట్టు పక్కావిడ వైపు చూసి నవ్వాడు. ఆవిడా నవ్వింది.

ఆ నవ్వుకి జవాబు రైల్లో చెప్పలేకపోయాను. ఇక్కడ చెబుతున్నాను.

అయ్యా, నాకు అరబ్బీ రాదు. అయినా ఆ పాటలో మీకంటే నాకు ఎక్కువ తెలుసు, ఎందుకంటే నేను విన్నాను. ఈజిప్టులో ఆవిడ కచేరీ అంటే నెలకోసారి, మొదటి గురువారం రాత్రి, రేడియోలో. ఒక్కో పాట గంట నడిచేది. ఒక పాదం పాడుతుంది, జనం కేకలేస్తారు. మళ్లీ అదే పాదం, ఈసారి వేరే దారిలో. మళ్లీ కేకలు. మళ్లీ అదే. నాలుగోసారి తిరిగొచ్చేసరికి ఏ అక్షరాన్ని నొక్కుతుందో, ఎక్కడ ఊపిరి దాచుకుంటుందో, ఎక్కడ గొంతుని కావాలనే గరుకు చేస్తుందో నాకు పట్టుబడిపోయింది. ఆ మాటకు నిఘంటువు ఏం చెబుతుందో తెలీదు. ఆవిడ నోట్లో అది ఎంత బరువుందో తెలుసు.

తెలుగు పాట వినేటప్పుడు నేనింత శ్రద్ధ పెట్టను, అదీ నిజమే. అర్థం అందర్నీ తోసుకొచ్చి ముందు వరసలో కూర్చుంటుంది. 'గుండె' అనగానే గుండె గుర్తొస్తుందే గాని, ఆ సున్న ముక్కులో మోగడం, ఆ 'డె' దగ్గర నాలిక మడత పడడం ఎవరు వింటారు? భాష రానివాడు వింటాడు. వాడికి మిగిలింది అదే కాబట్టి మొత్తం అదే వింటాడు.

ఇంతకీ నవ్విన పెద్దమనిషి ఇంట్లో తెల్లవారుతూనే ఏం మోగుతుందో నేను చెప్పగలను. 1963లో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పాడిన వెంకటేశ్వర సుప్రభాతం రికార్డు. ఆంధ్రలో, తెలంగాణలో ఆ గొంతుతో తెల్లవారని వీధి లేదు. ఆ సంస్కృత సమాసాల్లో పట్టుమని పది విడగొట్టి చెప్పమనండి. మొదటి రెండు మూడు శ్లోకాలు దాటాక గుటకలు మింగుతాడు. మరి ఆయన్ని ఎవరూ అడగరే, "ఎందుకు వినడం?" అని!

ధనుర్మాసం వస్తే తిరుమలలో ఆ సుప్రభాతం కూడా పక్కకు తప్పుకుంటుంది. దాని స్థానంలో తిరుప్పావై. ముప్పై పాశురాలు, అచ్చమైన తమిళం. మన పల్లెల్లో వైష్ణవాలయాలన్నిటా నెల రోజులు అదే. తమిళంలో మంచినీళ్లడగడం కూడా చేతకాని మా నాయనమ్మ, తెలుగు లిపిలో అచ్చేసిన పుస్తకం ముందు పెట్టుకుని, అట్ట మీద నూనె మరకలు, రోజుకో పాశురం పాడేది. తమిళుల వంపు ళకారం ఆవిడ నాలుకకి ఎన్నడూ అందలేదు. ఉన్న ళకారంతోనే సరిపెట్టేసేది. చిన్నప్పుడు నేనూ ఈ రైలు పెద్దమనిషిలాగే అడిగాను, "అర్థం తెలుసా నాయనమ్మా?" అని. "ఆండాళమ్మకి తెలుసు కదరా," అంది. అని, పొంగలి దింపడానికి లేచి వెళ్లింది.

నా వాదమంతా ఆ ఒక్క ముక్కలోనే ఉంది. కాస్త సాగదీసి రాయక తప్పదు, పొంగలి దింపే పని నాకు లేదు గనక.

ఇక్కడ కొందరు నన్ను ఆదుకోవడానికి వస్తారు. శిశువు, పశువు, పాము కూడా గానానికి తలలూపుతాయని పెద్దలన్నారు కదా, అర్థంతో పనేముంది అంటారు. అక్కర్లేదండీ మీ సాయం. నేను పశువునీ కాను, పామునీ కాను. ఆవుకి తనకేం తెలియదో తెలియదు. నాకు తెలుసు. ఈ పాటలో ఓ మనిషి మాటలు ఏరి పెట్టాడు, అవి నా చేతికందడం లేదు, అన్న ఎరుకతో వింటాను. ఆ ఎరుకే నన్ను నిటారుగా కూర్చోబెడుతుంది. పరాయి ఇంట్లో పీట మీద కూర్చున్నవాడి మర్యాద అది.

2023 మార్చి 12న ఆస్కార్ వేదిక మీద 'నాటు నాటు' తెలుగులోనే పాడారు. చంద్రబోస్ రాసిన ఎడ్లూ జాతర్లూ పొలం గట్లూ ఆ హాల్లో కూర్చున్నవాళ్లలో ఎంతమందికి అర్థమై ఉంటాయి? లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మనం ఇంటింటా మిఠాయిలు పంచుకున్నాం. ప్రపంచం మన పాటకి ఊగింది చూశారా అని ఎగిరి గంతేశాం. ఆ మిఠాయి నోట్లో ఉండగానే, గదిలో కొరియా పాట పెట్టుకున్న కూతురి తలుపు కొట్టి "ఏం అర్థమవుతుందని ఆ గోల?" అన్న తండ్రి నాకు తెలుసు. అమెరికావాడు మన పాట అర్థం కాకుండా వింటే రసజ్ఞుడు. మన పిల్ల కొరియావాళ్ల పాట వింటే వెర్రిది. ఈ లెక్క ఏ బడిలో నేర్పారు?

ఇంతవరకూ చదివి "అంతే కదా, సంగీతానికి భాష లేదు" అంటూ తలలాడించేవాళ్లుంటారు. ఆగండి. అసలు తగువు మీతోనే.

సంగీతానికి భాష లేదట! వీణకి లేదు, ఒప్పుకుంటాను. పాటకుంది. ఎవరో ఒకరు కూర్చుని, పది మాటలు కొట్టేసి, పదకొండోది నిలబెడితే అది పాటయింది. నాకు ఆ పదకొండో మాట తెలియకపోవచ్చు. కానీ పాడే మనిషికి, అచ్చేసే మనిషికి, అమ్మే మనిషికి తెలిసి తీరాలి. తెలియకపోవడం శ్రోతకున్న హక్కు. పాడేవాడికి ఆ హక్కు ఎవరిచ్చారు? ఎవరూ ఇవ్వలేదు. "భాష లేదు" అన్న ముతక మాట కప్పుకుని తానే తీసుకున్నాడు.

1963లో ఓ జపాను పాట అమెరికా జాబితాల్లో మొదటి స్థానానికెక్కింది. క్యూ సకమోతో పాడాడు, జపాను భాషలోనే. కన్నీళ్లు కిందికి జారకుండా తల పైకెత్తుకుని నడుద్దామనే పాట. రాసింది రోకుసుకే ఎయి; అమెరికాతో భద్రతా ఒప్పందానికి వ్యతిరేకంగా 1960లో జపాను జనం వీధికెక్కి ఓడిపోయినప్పుడు, ఆ దిగులుతో నడుస్తూ కట్టుకున్న మాటలవి. అమ్మేవాళ్లకి అసలు పేరు నోరు తిరగలేదు. 'సుకియాకి' అని పెట్టారు. అంటే ఏమిటనుకున్నారు? గొడ్డుమాంసంతో చేసే ఓ వంటకం! అమెరికాకి తలవంచనన్న కుర్రాడి ఏడుపు అమెరికా రేడియోల్లో కూర పేరుతో మోగింది. విని కళ్లు చెమర్చుకున్న అమెరికా పిల్లదాన్ని నేనొక్క మాట అనను. ఆ పిల్ల సరిగ్గానే విన్నది, దిగులు దిగులులాగే చేరింది. కూర పేరు పెట్టినవాణ్ణి మాత్రం వదలను.

మన దగ్గరికి రండి. తిరువయ్యారులో, కావేరి ఒడ్డున, త్యాగయ్య తెలుగులో కీర్తనలు కట్టాడు. చుట్టూ తమిళ నేల. ఆయన పోయి 175 ఏళ్లు దాటినా పాడుతున్నది ఎక్కువగా తమిళులే, వింటున్నదీ వాళ్లే. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ అన్నిటికీ ఒకటే అక్షరం. అందుకే అక్కడి కీర్తనల పుస్తకాల్లో అక్షరం పక్కన చిన్నగా 2, 3, 4 అని అంకెలేస్తారు, ఏది గకారమో ఏది ఘకారమో తెలియడానికి. ఆ అంకె చూసి పాడే విద్వాంసుడికి పాదాభివందనం చేస్తాను. గురువు నోటి నుంచి అక్షరమక్షరం పట్టుకున్నవాళ్లు, తెలుగు పండితుణ్ణి ఇంటికి పిలిపించుకుని పదం విడగొట్టించుకున్నవాళ్లు అక్కడ ఎందరో. కాని ఆ అంకెను ఈగలా తోలేసేవాళ్లూ ఉన్నారు. భయం 'పయం' అవుతుంది. గతి కాస్తా 'గది' అవుతుంది. భక్తుడు దేవుణ్ణి శరణు కోరాడా, అద్దెకు గది అడిగాడా? ఊపిరి చాలనప్పుడు మాటను నడిమికి విరిచేసి, సగం ఈ ఆవర్తనంలో, సగం వచ్చే ఆవర్తనంలో పారేస్తారు. అడిగితే, "భావం ముఖ్యం." ఏ భావం బాబూ? మాట చచ్చాక మిగిలిన భావం ఎవరిది?

ఈ ప్రశ్న నాకంటే ముందు వేసినవాడు తమిళుల మహాకవి సుబ్రహ్మణ్య భారతి. తాము పాడేది తమకే తెలియకుండా విద్వాంసులు పాడుతుంటే రసం చచ్చిపోతోందని మండిపడ్డాడు. ఆయన తన ప్రశ్న పాడేవాడి మీదే ఎక్కుపెట్టాడు. 1940ల్లో రాజా అణ్ణామలై చెట్టియార్, రచయిత కల్కి లాంటివాళ్లు తమిళ ఇసై ఉద్యమం నడిపి, 1943లో మద్రాసులో తమిళ ఇసై సంఘం పెట్టారు. తమ సభల్లో తమ భాషలో పాట కావాలన్నారు. మనవాళ్లలో కొందరికి ఇప్పటికీ ఆ పేరెత్తితే కడుపుమంట. నాకు లేదు. తన గడ్డ మీద తన పాట అడగడం తప్పెలా అవుతుంది? ఒక్క వాదం దగ్గరే వాళ్లతో నాకు పేచీ. అర్థం కాని పాటలో రసం పుట్టదు అన్నారు చూడండి, అది అబద్ధం. సాక్ష్యం వాళ్ల ఊళ్లోనే, జార్జిటౌనులో, వీణ ధనమ్మాళ్ ఇంట్లో ఉంది.

శుక్రవారం సాయంత్రాలు ఆ ఇంట్లో ఆవిడ వీణ పట్టుకుని పాడేది. వినడానికి వచ్చేవాళ్లు మహామహులు, ఎక్కువమంది తమిళులు. పాడేవాటిలో క్షేత్రయ్య పదాలు ముఖ్యం. కృష్ణా జిల్లా మొవ్వ గోపాలుడి మీద, పదిహేడో శతాబ్దపు తెలుగు నాయిక ఎత్తిపొడుపులూ అలకలూ. ధనమ్మాళ్ మనవరాళ్లు బృంద, ముక్త వాటిని గొంతులో దాచారు. మరో మనవరాలు బాలసరస్వతి అభినయంలో దాచింది. అభినయం పట్టేవాళ్లకు ఏ మాట ఎందుకు పడిందో తెలియకపోతే చెయ్యే కదలదు. ఆ ఇంట్లో పాడినవాళ్లకు తెలుసు, కూర్చున్నవాళ్లలో చాలామందికి తెలియదు. అయినా ఊపిరి బిగబట్టి విన్నారు. ఇదే నేను అడుగుతున్న ఏర్పాటు.

పాడేవాళ్లకు మాట తెలియాలన్నాను కదా, బెంగళూరు నాగరత్నమ్మ సంగతి విన్నారా? మైసూరు సీమలో పుట్టిన గాయని. తిరువయ్యారులో త్యాగయ్య సమాధికి గుడి కట్టించింది ఆవిడే. మన కవయిత్రి ముద్దుపళని రాసిన 'రాధికా సాంత్వనం' అచ్చు ప్రతిలో పద్యాలు ఎగిరిపోయాయని కనిపెట్టి, రాతప్రతి వెతికి, 1910లో పూర్తి కావ్యం అచ్చేయించింది. సర్కారు నిషేధించింది. ప్రకాశం పంతులు వచ్చి ఎత్తేసేదాకా ఆ నిషేధం ఉంది. అప్పట్లో ఆ కావ్యాన్ని బూతని ఈసడించుకున్న తెలుగు పెద్దల జాబితా ఇక్కడ రాసి వాళ్ల మనవల్ని బాధపెట్టను.

సినిమాకి వస్తే, ఉత్తమ నేపథ్య గాయని జాతీయ పురస్కారం దేశంలో మొట్టమొదట అందుకున్నది మన విజయనగరం సుశీలమ్మ, అదీ తమిళ పాటకి. మా నాయనమ్మకి అందని ఆ వంపు ళకారం సుశీలమ్మ నాలుక మీద ఎంత హాయిగా ఒదుగుతుందో వినండి. అటు నాగర్‌కోయిల్ వైపు నుంచి వచ్చిన కె.వి. మహదేవన్, మనవాళ్ల 'మామ', ముందు తెలుగు పాట రాయించుకుని, ఆ మాటల మీద వరస కట్టేవారు. పరాయి భాష గనక మాటకి మరింత భయపడ్డారు. ఆ భయం లోంచే 'శంకరాభరణం' పుట్టింది. ఇవాళ? ఇంగ్లిషు అక్షరాల్లో రాసిన కాగితం మైకు ముందు పెడితే, ప్రియురాలి కళ్లు 'కల్లు' అవుతాయి. స్టూడియోలో ఉన్న తెలుగువాళ్లు నలుగురూ విని, కొత్తగా ఉందని సంతకం పెడతారు. పాడిన పరాయి పిల్లను నేననను. ఆ నలుగురికీ తెలుగు వచ్చు.

ఇక "త్యాగయ్య మావాడు, క్షేత్రయ్య మావాడు, తమిళులు పాడు చేస్తున్నారు" అని మీసం దువ్వే తెలుగు వీరుడా, ఒక్క మాట. త్యాగయ్య పంచరత్న కీర్తనల్లో మొదటిది సంస్కృతమనీ, మిగతా నాలుగే తెలుగనీ నీకు తెలుసా? ఆ నాలుగింటిలో ఒక్కదానికి అర్థం చెప్పు. చెప్పలేకపోతే సిగ్గుపడకు, నాలాగే కూర్చుని విను. చొక్కా చింపుకోవడం మాత్రం మానెయ్.

రైల్లో నవ్విన పెద్దమనిషీ, మీకూ ఒక విన్నపం. మీ ప్రశ్న మంచిదే, తప్పు మనిషిని అడిగారు. ఈసారి మీ ఊళ్లో కచేరీ జరిగితే ముందు వరసలో కూర్చోండి. అయిపోయాక వేదిక దగ్గరికి వెళ్లి, పాడినవారికి దండం పెట్టి, "రెండో చరణం అర్థం చెబుతారా అమ్మా?" అని అడగండి. టిక్కెట్టు డబ్బులు కావాలంటే నేనిస్తాను. నేను వెనక వరసలో ఉంటాను. నన్ను మాత్రం పలకరించకండి, వింటూ ఉంటాను.