వెదురు విమానం చెప్పే పాఠం

విద్య పంచిన కొద్దీ పెరుగుతుందని పెద్దలు చెప్పగా వింటూ పెరిగినవారమే మనమందరమూ. ఆ మాట మీద పరీక్షలలో వ్యాసాలు కూడా వ్రాశాము. దానిని ఆచరణలో చూపినవారు మాత్రం లోకంలో బహు కొద్దిమంది. వారిలో ఒకడు ఆల్బెర్టో శాంటోస్ డ్యూమాంట్. తెలుగు బోధించుకొనే మాకు విమానాలతో ఏమి పని అని పాఠకులు అనుకోవచ్చు. ఇక్కడ ప్రస్తుతం విమానం కాదు; విద్య.

ఆయన బ్రెజిల్ దేశీయుడు. 1873లో కాఫీ తోటల యజమాని ఇంట పుట్టి, పారిస్ చేరి, ఆకాశయానానికే జీవితాన్ని అంకితం చేశాడు. 1901లో తన ఆకాశనౌకలో ఐఫెల్ గోపురాన్ని చుట్టివచ్చి, గెలిచిన బహుమతి సొమ్మును పారిస్ పేదలకూ తన పనివారికీ పంచిపెట్టాడు. 1906లో విమానమెక్కి ఐరోపాను ఆశ్చర్యపరచాడు. మరుసటి ఏడు ఒక్క మనిషి కోసం చిన్న విమానాన్ని నిర్మించి, 'డెమ్వాజెల్' అని పేరు పెట్టాడు. ఫ్రెంచి భాషలో ఆ మాటకు కన్య అనీ, సన్నని తూనీగ అనీ రెండర్థాలు.

పేరుకు తగినదే ఆ రూపమూను. వెదురు బొంగుల దేహం, పట్టుగుడ్డ రెక్కలు. రెక్కల మీద ఇంజను. దాని క్రింద, రెండు చక్రాల నడుమ, నడిపేవాడి ఆసనం. అతడు ప్రక్కకు ఒరిగితే, కోటు వీపుకు తగిలించిన మీట రెక్కల అంచులను మెలిత్రిప్పేది. 1909 నాటి నమూనా బరువు సుమారు 110 కిలోలు. 1982లో అమెరికా ప్రభుత్వం ఇంజనుతో నడిచే ఒంటి మనిషి తేలిక విమానాలకు విధించిన బరువు పరిమితి 254 పౌండ్లు, అనగా దాదాపు 115 కిలోలు. ఏడు దశాబ్దాల తరువాతి కొలతలో ఆ వెదురు తూనీగ చక్కగా ఇమిడిపోతుంది!

అంతకంటె గొప్ప విషయం వేరొకటున్నది. ఆయన దానికి పేటెంటు తీసుకోలేదు. కోరినవారు కట్టుకొనవచ్చునని నమూనా చిత్రాలను లోకానికి ఇచ్చివేశాడు. 1910లో అమెరికాలోని పాపులర్ మెకానిక్స్ పత్రిక వాటిని ప్రచురించింది. ఫ్రాన్సులో క్లెమాన్ బయార్ కర్మాగారం ఆ విమానాలను తయారుచేసి అమ్మింది. తరువాత ప్రసిద్ధికెక్కిన వైమానికుడు రోలాఁ గారోస్ ఎగరడం నేర్చినది దానిమీదనే. అదే కాలంలో రైట్ సోదరులు తమ పేటెంటు కోసం న్యాయస్థానాల చుట్టూ తిరిగారు. ఆ తగవులు 1917లో ఉత్పత్తిదారుల నడుమ ఒప్పందం కుదిరేదాకా అమెరికాలో విమాన పరిశ్రమను వేధించాయి.

శాంటోస్ డ్యూమాంట్ సంపన్నుడు, ఇవ్వగలిగాడు. రైట్ సోదరులు సైకిళ్ల దుకాణం నడుపుకొని బ్రతికినవారు, కష్టఫలం కోరడం తప్పా అని ఎవరైనా అడుగవచ్చు. తప్పు కాదు. కాని సంపన్నులందరూ ఇవ్వరు. పైగా జ్ఞానాన్ని దాచుకొంటే పూట గడుస్తుందనే అవసరం మన విద్యార్థులకు లేదు. అయినా నోట్సు ప్రక్కవాని కంటపడకుండా దాచే అలవాటు మనలో ఉన్నది. ఏడాదంతా శ్రమించి చేసిన ప్రాజెక్టులు మార్కులు పడగానే బీరువాలోకి పోతాయి. తరువాతి సంవత్సరం పిల్లలు మళ్లీ మొదటినుంచి మొదలుపెడతారు.

కనుక కళాశాల పాలకవర్గానికి మా మనవి రెండే మాటలు. గ్రంథాలయంలో ఒక అర విద్యార్థుల నమూనా చిత్రాలకూ, ప్రయోగాల వ్రాతలకూ కేటాయించండి. ఉర్దూలో గాని తెలుగులో గాని వ్రాసినా సరే, అందరికీ అందనివ్వండి. వారానికి రెండు సాయంత్రాలు అధ్యాపకుల పర్యవేక్షణలో ప్రయోగశాల తలుపు తెరచి ఉంచండి. కాగితం మీది బొమ్మ తనంతట ఎగరదు. చేతికి హునర్ అబ్బాలి. పరికరాలు పాడవుతాయన్న భయం సహజమే. పాడైన పరికరాన్ని బాగుచేయడం కూడా విద్యలో భాగమేనని మేము నమ్ముతాము.

విద్యార్థులారా! మీకు తెలిసినదానిని మీ తరువాతివారికి వ్రాసి ఇవ్వండి. వారు మీరు ఆగినచోట మొదలుపెడతారు.