బీఈడీ మారుతోంది.. తెలుగు టీచరు మిగిలేనా?

హోసూరు: ఉపాధ్యాయ విద్య రూపు మారుతోంది. 2015 నుంచి బీఈడీ రెండేళ్లయింది. 2023-24లో ప్లస్‌టూ తర్వాత నేరుగా చేరే నాలుగేళ్ల సమీకృత కోర్సు మొదలైంది. డిగ్రీ, బీఈడీ రెండూ ఒకేసారి చేతికొస్తాయి. ఏడాది కలిసొస్తుంది.

సరిహద్దు తెలుగువారి లెక్క మాత్రం వేరు. కోర్సు ఎన్నేళ్లని కాదు, అందులో తెలుగు మెథడ్ ఉందా అన్నదే ఇక్కడి ప్రశ్న. తమిళనాడులో 2006 చట్టం ఒకటో తరగతి నుంచి తమిళాన్ని దశలవారీగా తప్పనిసరి చేసింది. 2023లో సుప్రీంకోర్టు భాషా మైనారిటీ పిల్లలకు పదో తరగతి తమిళ పరీక్ష నుంచి ఏడాది పాటు మినహాయింపు ఇచ్చింది. అది తాత్కాలిక ఊరటే.

తెలుగు చదివే పిల్లలు తగ్గితే పోస్టు పోతుంది. పోస్టు లేదంటే బీఈడీలో తెలుగు తీసుకునేవారుండరు. టీచరు లేడని ఉన్న పిల్లలూ బడి మారతారు. ఈ గొలుసు ఎక్కడో ఒకచోట తెగాలి.

అందుకు దారులు లేకపోలేదు. తమిళనాడు టెట్‌లో తెలుగును మొదటి భాషగా ఎంచుకోవచ్చు. 1997లో ఏర్పడిన ద్రావిడ విశ్వవిద్యాలయం మూడు రాష్ట్రాల కూడలి కుప్పంలోనే ఉంది. బీఈడీలో చేరేముందే తెలుగు మెథడ్ ఉందా, ఆ పట్టా సొంత రాష్ట్రంలో ఉద్యోగానికి చెల్లుతుందా అని విచారించుకోవాలి. ప్రాథమిక విద్య అమ్మభాషలో అందాలని రాజ్యాంగం 350ఎ అధికరణం చెబుతోంది. ఆ మాట తరగతి గది దాకా రావాలంటే ముందు టీచరుండాలి.