నోరు జారిన పచ్చడి

నల్గొండ నుంచి మిర్యాలగూడ వెళ్లే దారిలో మాడుగులపల్లి టోల్‌గేట్ దాటాక ఏదైనా కిరాణా కొట్టు ముందు ఆగండి. గల్లాపెట్టె వెనక గోడకి ఓ అట్టముక్క కనిపించినా ఆశ్చర్యం లేదు. 'నేడు నగదు - రేపు అరువు'! ఎంత ముచ్చటైన అబద్ధమో! రేపొచ్చి చూసినా ఆ అట్ట మీద అక్షరం మారదు. అప్పు ఇవ్వనని సేటు తేల్చి చెప్పేశాడు. కానీ 'నీ మొహానికి అప్పొకటా?' అనలేదు. అడగబోయినవాడు నవ్వుకుని జేబు తడుముకుంటాడు, అంతే.

కాదన్న మాటని కూడా ఎదుటివాడు నొచ్చుకోకుండా చెప్పడం మన అంగళ్లలో ఎప్పటి నుంచో ఉన్న విద్యే. ఆ విద్య తప్పినందుకు రాజమహేంద్రవరంలో ఓ పచ్చళ్ల వ్యాపారం 2025 ఏప్రిల్‌లో రోజుల వ్యవధిలో దుకాణం కట్టేసింది.

'రేటెక్కువ' అన్న పాపానికి...

అలేఖ్య చిట్టి పికిల్స్. ముగ్గురు అక్కచెల్లెళ్ల వ్యాపారం. ఇన్‌స్టాగ్రామ్ వీడియోలతో పేరు తెచ్చుకుంది. ఆర్డర్లన్నీ వాట్సాప్‌లోనే. ఒకాయన ధరల పట్టిక చూసి 'ఇంత రేటా?' అన్నాడు. బదులుగా ఓ వాయిస్ మెసేజ్ వచ్చింది. పచ్చడే కొనలేనివాడివి, ముందు కెరీర్ సంగతి చూసుకో అని దాని సారాంశం. మధ్యలో ఇంట్లో పిల్లలుండగా వినలేని బూతు. ఆ గొంతు సాయంత్రానికి తెలుగువాళ్ల ఫోన్లన్నిట్లోనూ మోగింది. పాటలు కట్టారు, పేరడీలు చేశారు. వెబ్‌సైట్ మూతపడింది, వాట్సాప్ నంబరు పలకడం మానేసింది. అక్కచెల్లెళ్లు క్షమాపణ వీడియోలు పెట్టారు. అయినా ఆగలేదు.

నిజానికి బేరమంటేనే ఓ ఆట. అంగట్లో ఆకుకూరలమ్మే అవ్వ దగ్గర 'పదికి మూడు కట్టలియ్యి' అంటే 'ఆ ధరకి నీ పెరట్లనే పెంచుకో బిడ్డా' అంటుంది. అదీ ఎత్తిపొడుపే. కానీ 'బిడ్డా' అనే పిలుపు ఆ ముల్లుని విరిచేస్తుంది. మర్నాడు అదే గంప దగ్గర అదే బేరం. పచ్చళ్ల గొడవలో బూతు ఒక్కటే అంతమందికి గుచ్చుకుందనుకుంటే పొరపాటు. సినిమాల్లో, రోడ్డు మీద అంతకన్నా ఘాటైనవి రోజూ చెవిన పడుతూనే ఉన్నాయి. అసలు గుచ్చుకున్నది 'నీకు కొనే స్తోమత లేదు' అన్న మాట. నెలాఖరుకి జేబు చూసుకుని ధర అడిగే ప్రతి ఇంట్లోనూ ఆ మాట తమనే అన్నట్టు విన్నారు.

అక్కడిదాకా కోపం న్యాయమైనదే. ఆ తర్వాత సంగతేమిటి? ఒక్క బూతుకి బదులుగా ఆ ఆడపిల్లల మీద కురిసిన బూతులకి లెక్కలేదు. వాళ్ల ఒళ్లు, బట్టలు, నడవడి... ఏదీ వదల్లేదు. ఒక మెసేజ్‌లో ఉన్న మాట తప్పన్నవాళ్లే అంతకంటే హీనమైనవి రాసి, కింద పేరు కూడా పెట్టుకున్నారు! వాళ్లలో ఒక్కరి కొట్టయినా మూతపడిందా?

తప్పుకో తూకం

ఇలాంటి తగవులకి పాతకాలపు ఊళ్లలో ఓ పద్ధతి ఉండేది. నోరు జారినవాణ్ని పెద్దమనుషులు పంచాయితీకి పిలిచేవారు. తప్పు కట్టమనేవారు. జరిమానాకి 'తప్పు' అనే పేరు! అది కట్టాక సంగతి ముగిసినట్టే. మళ్లీ ఎత్తినవాడిదే తప్పయ్యేది.

అలాగని ఆ పంచాయితీలని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. తూకం అందరికీ ఒకటి కాదక్కడ. ఇదే నల్గొండ గడ్డ మీద గడీలో దొర ఎంతమాటన్నా తప్పు కట్టించినవాడు లేడు. తండ్రి వయసు మనిషిని 'ఒరేయ్' అన్నా ఆ మనిషి 'నీ బాంచన్ కాల్మొక్త' అనాల్సిందే. బాంచన్ అంటే బానిస. 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటం భూమి కోసం, వెట్టి పోవడం కోసమే కాదు, ఆ పిలుపు పోవడం కోసం కూడా. మాట పట్టింపులు చదువుకున్న పట్నంవాళ్ల సరదా అని తేల్చేసేవాళ్లు ఈ ఊళ్లలోని ముసలివాళ్లని ఓసారి అడిగితే బాగుంటుంది. పదిమందిలో కులం పేరెత్తి దళితుణ్ని, గిరిజనుణ్ని తిడితే నేరమని 1989 చట్టం చెబుతున్నదంటే, దాని వెనక అలాంటి ఊళ్లు ఎన్నున్నాయో!

ఆ చట్టం వచ్చి ముప్ఫై ఏళ్లు దాటాక కూడా పెద్ద కంపెనీలకి ఆ నొప్పి తెలియలేదు. 2023 జూన్‌లో పర్యావరణ దినోత్సవానికి జొమాటో ఓ ప్రకటన తీసింది. 'లగాన్'లో కచరా పాత్ర వేసిన నటుణ్నే తీసుకుని, చెత్తతో తయారైన దీపంగా, బల్లగా చూపించింది. కచరా అంటే చెత్త కాబట్టి చమత్కారం కుదిరిందనుకున్నారు. ఆ సినిమాలో కచరా అంటరానివాడన్న సంగతి తట్టలేదు. జాతీయ ఎస్సీ కమిషన్ నోటీసిచ్చింది, కంపెనీ ప్రకటన వెనక్కి తీసుకుంది. అందులో ఒక్క తిట్టు మాటా లేదు. అయినా ఆ పచ్చళ్ల మెసేజ్ కన్నా లోతుగా దిగింది.

నువ్వా? మీరా?

ఏది తిట్టు, ఏది కాదు అన్నదీ అంత తేలిగ్గా తేలదు. మాడుగులపల్లి మీదుగా వెళ్లేది నార్కట్‌పల్లి - అద్దంకి రహదారి. రెండు రాష్ట్రాల లారీలూ ఆ గేటు దగ్గర ఆగాల్సిందే. అక్కడి కుర్రాడు 'అన్నా, నువ్వు జర పక్కకి పెట్టు' అంటే గుంటూరు డ్రైవరు 'నన్ను నువ్వంటాడా!' అని చివుక్కుమనొచ్చు. ఇక్కడివాళ్లకి 'అన్నా' అన్నాక ఇంకా మర్యాద ఎందుకు? కన్నతండ్రినీ నువ్వనే అంటారు. మరోవంక, ఫోన్లో 'సర్, మీరు దయచేసి లైన్లో ఉండండి' అంటూ అరగంట నిలబెట్టే మర్యాద ఉంది చూశారూ... దానికి ఏ పంచాయితీలో తప్పు కట్టించాలి?

సినిమా కూడా వ్యాపారమే కాబట్టి పేరు దగ్గర తగాదా దానికీ తప్పలేదు. 2019 సెప్టెంబరు 20న వరుణ్‌తేజ్ సినిమా 'వాల్మీకి' విడుదల కావాలి. గూండా పాత్రకి మహర్షి పేరేమిటని బోయ, వాల్మీకి సంఘాలు అభ్యంతరం చెప్పాయి. తెల్లారితే ఆట అనగా సినిమా 'గద్దలకొండ గణేష్' అయిపోయింది. అన్ని పోస్టర్ల మీదా పాతపేరే. జనం రెండు పేర్లతోనూ చూశారు.

అక్కడ కనీసం అభ్యంతరం చెప్పినవారికి ఓ కారణముంది. హైదరాబాద్ కరాచీ బేకరీ ఏం నేరం చేసింది? దేశ విభజనలో ఇల్లూ వాకిలీ వదిలేసి వచ్చిన సింధీ ఖాన్‌చంద్ రమ్నానీ 1953లో మొదలుపెట్టాడు. పోగొట్టుకున్న ఊరి పేరు బోర్డు మీద రాసుకున్నాడు. ఉస్మానియా బిస్కెట్లు, ఫ్రూట్ బిస్కెట్లు అమ్ముకుంటూ ఏడు దశాబ్దాలు గడిచాయి. పుల్వామా దాడి తర్వాత 2019 ఫిబ్రవరిలో బెంగళూరు దుకాణంలో బోర్డు మీది 'కరాచీ' పదాన్ని గుడ్డతో కప్పాల్సి వచ్చింది. 2025 మేలో భారత్, పాక్ మధ్య కాల్పుల వేళ శంషాబాద్ దుకాణం బోర్డు మీద కర్రలు పడ్డాయి. 'అయ్యా, మాది భారతీయ సంస్థే' అని యజమానులు చెప్పుకోవాల్సి వచ్చింది. శరణార్థి కొడుకులు, మనవలు అలా రుజువు చూపించాల్సి రావడం చూస్తే... ఎవరు ఎవరిని అవమానించినట్టు?

బూతుకీ, బోర్డుకీ కూడా జనం వేసిన శిక్ష ఒకటే. కొట్టు మూయించు! ముందు తప్పెంత అని ఎవరూ తూచలేదు.

నగలాయన నోరు

ఇది మనవాళ్ల జబ్బేమీ కాదు. బ్రిటన్‌లో జెరాల్డ్ రాట్నర్‌కి వీధివీధినా నగల దుకాణాలుండేవి. 1991 ఏప్రిల్‌లో పెద్దపెద్ద వ్యాపారుల సభలో నవ్వించాలనుకుని, తన కొట్లో ఓ సరుకు అంత చవగ్గా ఎలా ఇస్తున్నామంటే అది చెత్త కాబట్టి అన్నాడు. సభ నవ్వింది. మర్నాడు పత్రికలు చూసిన కొనుగోలుదారులు నవ్వలేదు. కంపెనీ విలువ సుమారు 50 కోట్ల పౌండ్లు పడిపోయిందంటారు. ఏడాది తిరిగాక ఆయన బయటికి నడవాల్సి వచ్చింది. 1993లో కంపెనీ తన పేరే మార్చేసుకుంది. ఆయన తిట్టింది తన సరుకునే. కొన్నవాళ్లు మాత్రం తమనే అన్నట్టు తీసుకున్నారు, మన పచ్చళ్ల కథలోలాగే.

ఆ పచ్చళ్ల అక్కచెల్లెళ్లలో ఒకరు 2025 అక్టోబరులో బిగ్‌బాస్ ఇంట్లో అడుగుపెట్టారు. తిట్టినవాళ్లే టీవీ ముందు కూర్చుని చూశారు. జనం కోపానికి అంత ఆయుష్షు!

పేరు మార్చుకున్నవాళ్లలో హిందుస్థాన్ యూనిలీవర్ కూడా ఉంది. 1975 నుంచి అమ్ముతున్న 'ఫెయిర్ అండ్ లవ్‌లీ'లో 'ఫెయిర్' అంటే తెలుపు. నల్లగా ఉన్న ఆడపిల్లకి పెళ్లి కాదు, ఉద్యోగం రాదు అన్నట్టుండే ప్రకటనలతో దశాబ్దాలు గడిపేశారు. 2020 మేలో అమెరికాలో జార్జ్ ఫ్లాయిడ్‌ని పోలీసులు చంపాక రంగు మీద ప్రపంచమంతా గొంతెత్తింది. ఆ వేడికి జులైలో క్రీము పేరు 'గ్లో అండ్ లవ్‌లీ' అయింది. ట్యూబు మీద ముద్రణ మారింది.

కిరాణా కొట్లో మాత్రం 'అన్నా, ఒక ఫెయిర్ అండ్ లవ్‌లీ ఇయ్యి' అనే అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు. సేటు కూడా అది కాదు ఇది అని సరిదిద్దడు. కొత్త పేరున్న ట్యూబు తీసి చేతిలో పెడతాడు. నగదుకే సుమా, అరువు రేపు!