కాలువ తవ్వడం వేరు, నీరు కట్టడం వేరు!

‘వాటర్‌ఫాల్ మోడల్‌కీ, అజైల్‌కీ తేడా ఏమిటి?’ ఫ్రెషర్ల ఇంటర్వ్యూల్లో తరచూ ఎదురయ్యే ప్రశ్న ఇది. మనవాళ్ల జవాబూ తయారుగానే ఉంటుంది: ‘వాటర్‌ఫాల్ పాతది సార్. అజైల్ కొత్తది, ఫ్లెక్సిబుల్‌గా ఉంటుంది.’ అక్కడితో ఆగితే బాగానే ఉండేది. ‘మరి మీ ప్రాజెక్టులో ఏది వాడారు?’ అంటారు. ‘అజైల్ సార్!’ ‘మీ స్ప్రింట్ ఎన్ని రోజులు? మొదటి స్ప్రింట్ తర్వాత ఏం మార్చారు?’ ఇక నిశ్శబ్దం.

పాతదా, కొత్తదా అన్నది అసలు తేడా కాదని నా అభిప్రాయం. మనం చేసింది తప్పని మనకు ఎప్పుడు తెలుస్తుంది? తెలిశాక సరిదిద్దుకోవడానికి ఎంత ఖర్చవుతుంది? తేడా అంతా ఈ రెండు ప్రశ్నల్లోనే ఉంది.

మన పొలాల్లోనే రెండూ ఉన్నాయి

ఘంటసాల, చల్లపల్లి, అవనిగడ్డ వైపు వాళ్లకు దీన్ని వివరించడం తేలిక. కృష్ణా కాలువను తవ్వేముందు వాలు, మట్టం, లాకులు, తూములు అన్నీ లెక్కగట్టాలి. దివిసీమకు నీరు తీసుకెళ్లే పులిగడ్డ అక్విడక్టును ‘ముందు సగం కడదాం, ఎలా ఉందో చూసి మిగతాది ఆలోచిద్దాం’ అంటే కుదరదు. అక్కడ తప్పు చేస్తే మళ్లీ కట్టాల్సిందే. ప్రణాళిక, డిజైన్, నిర్మాణం, తనిఖీ వరసగా జరగాలి. వాటర్‌ఫాల్ అంటే ఇదే.

అదే కాలువ నీరు పంట బోదెలోంచి మడిలోకి వచ్చాక పద్ధతి మారిపోతుంది. రైతు పొద్దున్నే గట్టు మీద నిలబడి చూస్తాడు. నీరు ఎక్కువైతే తీసేస్తాడు, తక్కువైతే పెడతాడు, ఎక్కడైనా గండి పడితే పూడుస్తాడు. మన డెల్టాలో వరి కోతకు కొద్ది రోజుల ముందే, తడి ఆరకుండా, మినుము చల్లడం అలవాటు. కోత యంత్రాలు వచ్చాక చాలామంది కోత అయ్యాకే విత్తుతున్నారు. పరిస్థితి చూసి పద్ధతి మార్చుకున్నారు. అజైల్ సారం కూడా ఇంతే.

పుట్టుక కథలో ఒక మలుపు

అమెరికా ఇంజినీరు విన్‌స్టన్ రాయిస్ 1970లో రాసిన పత్రాన్ని వాటర్‌ఫాల్‌కు మూలంగా చెబుతారు. విచిత్రం ఏమిటంటే అందులో ‘వాటర్‌ఫాల్’ అన్న మాటే లేదు. పైగా, దశలన్నీ ఒకదాని తర్వాత ఒకటి పూర్తిచేసి పరీక్షను చివరికి వదిలేయడం ప్రమాదమని ఆయనే హెచ్చరించారు. లోకం ఆ బొమ్మను తీసుకుంది, హెచ్చరికను వదిలేసింది.

2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో 17 మంది సాఫ్ట్‌వేర్ నిపుణులు సమావేశమై అజైల్ మేనిఫెస్టో రాశారు. అందులో ఉన్నవి 4 విలువలు, 12 సూత్రాలు. డాక్యుమెంట్లు వద్దని వాళ్లు ఎక్కడా అనలేదు. పనిచేసే సాఫ్ట్‌వేర్‌కు అంతకంటే ఎక్కువ విలువ ఇస్తామన్నారు, అంతే. ‘అజైల్ కదా, ఏమీ రాయక్కర్లేదు’ అనే సీనియర్ మాట నమ్మకండి.

చివర్లో తెలిస్తే ఏమవుతుంది?

అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా వెబ్‌సైట్ ‘హెల్త్‌కేర్ డాట్ గవ్’ 2013 అక్టోబరు 1న మొదలైంది. తొలిరోజే మొరాయించింది. అన్ని భాగాలనూ కలిపి పరీక్షించడానికి చివరి రెండు వారాలే దొరికాయని కాంట్రాక్టర్లు అక్కడి కాంగ్రెస్ ముందు చెప్పారు. కోట్లమంది కోసం కట్టిన వ్యవస్థలో తప్పులు జనం ముందే బయటపడ్డాయి.

మన దగ్గర జరిగింది చూడండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బిల్లుల చెల్లింపు సేవలను ముందు 1999 చివర్లో ‘ట్విన్స్’ పేరుతో హైదరాబాద్ బంజారాహిల్స్‌లో ప్రయోగాత్మకంగా పెట్టారు. 2001 ఆగస్టులో అది ‘ఈ-సేవ’గా విస్తరించింది. 2025 జనవరి 30న మొదలైన ‘మన మిత్ర’ వాట్సప్ సేవలు కూడా 161 సేవలతో ప్రారంభమై, తర్వాత విడతలుగా పెరిగాయి. వీటి లోపల స్ప్రింట్లు నడిచాయో లేదో నేను చెప్పడం లేదు. కొంచెం ఇచ్చి, జనం ఎలా వాడుతున్నారో చూసి పెంచుకోవడమే ఇక్కడ పాఠం.

అలాగని అన్నిచోట్లా అజైల్ మంత్రం పారదు. గుండెకు పెట్టే పేస్‌మేకర్‌లో, విమానం నడిపే సాఫ్ట్‌వేర్‌లో ‘వచ్చే స్ప్రింట్‌లో సరిచేద్దాం’ అనలేం. అక్కడ ప్రతి అవసరం ముందే రాసి, ప్రతిదానికీ పరీక్ష చూపించాలి. చాలా కంపెనీలు రెండూ కలిపి వాడతాయి. కాంట్రాక్టు, బడ్జెట్, గడువు పాత పద్ధతిలో, రోజువారీ పని స్ప్రింట్లలో. మీరు చేరబోయే టీమ్ కూడా ఇలాంటిదే కావచ్చు.

మన ప్రాజెక్టు రికార్డుల సంగతి

ఇక్కడ కాస్త కటువుగా మాట్లాడాలి. ఫైనలియర్ ప్రాజెక్టు రికార్డులో ‘మెథడాలజీ: అజైల్’ అని రాస్తాం. జరిగేదేమిటి? మూడు నెలలు ఏమీ కదలదు. చివరి పది రోజుల్లో ఎక్కడినుంచో కోడ్ తెచ్చి, పేర్లు మార్చి, వైవాకు వెళతాం. ఇది అజైల్ కాదు, వాటర్‌ఫాల్ అంతకన్నా కాదు. ఈ అబద్ధం మార్కులు తెస్తుందేమో గానీ, ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతుంది. పల్లెటూరి కాలేజీ అనో, ఇంగ్లిష్ రాదనో తర్వాత బాధపడతాం. చాలాసార్లు అసలు లోటు భాష కాదు, చేసిన పని లేకపోవడం.

అందుకే ఒక్క పని చేయండి. మీ ఊళ్లో నిజంగా అవసరం ఉన్న ఒక్క మనిషిని వెతకండి. పాల కేంద్రం నడిపే బాబాయ్ కావచ్చు, ఎరువుల కొట్టు అన్నయ్య కావచ్చు. ఆయన పుస్తకంలో రాసుకునే లెక్కను ఫోన్‌లోకి తేవడమే మీ ప్రాజెక్టు. ముగ్గురు స్నేహితులు, రెండు వారాల స్ప్రింట్లు మూడు. చేయాల్సిన పనుల జాబితాయే మీ బ్యాక్‌లాగ్. దేన్ని ముందు చేయాలో ఆ బాబాయే చెబుతాడు కాబట్టి ప్రొడక్ట్ ఓనర్ ఆయనే. రోజూ 15 నిమిషాలు మాట్లాడుకోండి: నిన్న ఏం చేశాం, ఇవాళ ఏం చేస్తాం, ఎక్కడ ఆగాం?

రెండు వారాలకోసారి ఫోన్ ఆయన చేతికిచ్చి మీరు నోరు మూసుకుని చూడండి. మీరు ముచ్చటపడి పెట్టిన రంగురంగుల గ్రాఫును ఆయన పట్టించుకోకపోవచ్చు. ‘ఇదంతా సరే అబ్బాయ్, పొద్దుటిపూట పాలు, సాయంత్రం పాలు వేరుగా చూపదా?’ అని అడగవచ్చు. ఆ ప్రశ్న రాసిపెట్టుకోండి. దానివల్ల కోడ్‌లో ఏం మార్చారో కూడా రాయండి.

రేపు ఇంటర్వ్యూలో ‘మొదటి స్ప్రింట్ తర్వాత ఏం మార్చారు?’ అన్నప్పుడు పుస్తకంలోని నిర్వచనం వెతుక్కోనక్కర్లేదు. పాల కేంద్రం బాబాయ్ ఏమన్నాడో, మీరేం చేశారో చెప్పండి. తెలుగు యాసలో వచ్చిన ఇంగ్లిష్‌లో చెప్పినా ఎదుటివాళ్లకు అర్థమవుతుంది. ఎందుకంటే అది మీరు నిజంగా చేసిన పని.