ఆయుర్వేద వైద్యులకు సంఘం కావాలి, మన పిల్లల కోసం

మా చిన్నవాడికి ఏడాది నిండాక చేసిన రక్తపరీక్షలో సీసం ఉండాల్సిన దానికంటే ఎక్కువ ఉందని పిల్లల డాక్టరు ఫోన్ చేశారు. ఇంట్లో పాత పెయింట్ ఉందా, పసుపు ఎక్కడ కొంటారు, ఇండియా మందులేమైనా వాడుతున్నారా అని వరసగా అడిగారు. చివరి ప్రశ్న దగ్గర నా నోట మాట రాలేదు. అరుగుదలకు మంచిదని తెలిసినవాళ్లు చెబితే, ఇక్కడే కాలిఫోర్నియాలో ఇంటి నుంచి ఆయుర్వేదం చూసే ఒకాయన ఇచ్చిన పొడి రెండు నెలలుగా వాడికి పెడుతున్నాం.

డబ్బా మీద పేరు లేదు, లోపల ఏముందో రాయలేదు. బయోకెమిస్ట్రీ చదివిన దాన్ని, అయినా అడగలేదు. డాక్టరు ఫోన్ చేసేసరికి పొడి అయిపోయి డబ్బా పారేశాం కూడా. అందుకే సీసం అందులోంచే వచ్చిందని ఈరోజుకీ రుజువు చేయలేను. పొడి ఆపాక మూడు నెలలకు లెక్క తగ్గింది, అంతే తెలుసు. ఆయనకు ఫోన్ చేస్తే "మాది తాతల నాటి వైద్యమమ్మా, అనుమానాలు పెట్టుకోకండి" అన్నారు. ఆ మాట ఎవరికి చెప్పుకోవాలో నాకు తెలియలేదు.

ఇది మా ఒక్క ఇంటి భయం కాదు. 2004లో వెలువడిన ఒక అధ్యయనంలో, బోస్టన్ చుట్టుపక్కల దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద ఉత్పత్తుల్ని పరీక్షిస్తే 14 వాటిలో సీసమో, పాదరసమో, ఆర్సెనికో బయటపడింది. 2011-12లో న్యూయార్క్ నగరంలో ఇండియా నుంచి వచ్చిన మందులు వాడిన ఆరుగురు గర్భిణుల రక్తంలో సీసం కనిపించింది. డైటరీ సప్లిమెంట్‌గా అమ్మేదాన్ని అమ్మకానికి ముందు ఎఫ్‌డీఏ పరీక్షించి ఆమోదించదన్న సంగతి మనలో చాలామందికి తెలియదు.

ఇదే ఊళ్లో నాకు తెలిసిన ఇంకో అమ్మాయి ఉంది. విజయవాడలో బీఏఎంఎస్ చేసింది. ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్ల చదువు. ఇప్పుడు ఒక డెంటల్ క్లినిక్ ఫ్రంట్ డెస్క్‌లో పనిచేస్తోంది. "అక్కా, ఇక్కడ నేను డాక్టర్నని చెప్పుకోకూడదు. చెప్పుకునేవాళ్లను చూస్తే భయమేస్తుంది" అంటుంది. చదువుకున్న పిల్ల వెనక్కి తగ్గింది, లేబుల్ లేని డబ్బా ఇచ్చినాయన దర్జాగా నడిపిస్తున్నాడు. అసలు సమస్య ఇక్కడే ఉంది.

అమెరికాలో ఆయుర్వేదానికి ఏ రాష్ట్రమూ లైసెన్సు ఇవ్వదు. కాలిఫోర్నియా 2002లో ఎస్‌బీ 577 అనే చట్టం చేసింది. దాని ప్రకారం లైసెన్సు లేనివాళ్లు కూడా సలహాలివ్వొచ్చు. కానీ తాను లైసెన్సున్న డాక్టర్ని కాదని, తన చదువు, అనుభవం ఇవీ అని ముందే కాగితం మీద రాసిచ్చి మన సంతకం తీసుకోవాలి. అదీ మనకు అర్థమయ్యే భాషలో. డాక్టరు రాసిన మందులు మానేయమని చెప్పకూడదు. మాకు ఆ కాగితం ఎవరూ ఇవ్వలేదు. అలాంటిదొకటి ఉందని కూడా మాకు తెలియదు.

వృత్తి సంఘం లేదని కాదు. నేషనల్ ఆయుర్వేదిక్ మెడికల్ అసోసియేషన్ ఉంది. హెల్త్ కౌన్సెలర్, ప్రాక్టీషనర్, డాక్టర్ అని మూడు స్థాయిలు పెట్టి, ఏ స్థాయికి ఎంత చదువుండాలో చెప్పింది. సర్టిఫికేషన్ పరీక్షలూ వచ్చాయి. అది మంచి పనే. కానీ అందులో చేరడం ఎవరిష్టం వారిది. చేరనివాణ్ని ఎవరూ అడగలేరు. చేరినవాడి పేరు తీసేసినా బోర్డు దించక్కర్లేదు.

ఆక్యుపంక్చర్ కూడా ఇలాగే మొదలైంది. 1973లో నెవాడా ముందుగా చట్టం చేసింది. తర్వాత జాతీయ స్థాయి పరీక్ష వచ్చింది. ఈరోజు దాదాపు అన్ని రాష్ట్రాల్లో దానికి లైసెన్సుంది. మలేషియాలో 2016 నాటి సంప్రదాయ వైద్య చట్టం కింద భారతీయ సంప్రదాయ వైద్యానికీ గుర్తింపు, రిజిస్ట్రేషన్ ఉన్నాయి. చట్టం రావాలంటే, ఎవరు అర్హులో, తప్పు చేస్తే ఏం చేయాలో ముందు ఆ వృత్తివాళ్లే ఒక మాట మీదికి రావాలి.

"ఇలాగైతే అమ్మమ్మ చిట్కాలకూ లైసెన్సు అడుగుతారు" అని మా అత్తయ్య అన్నారు. అక్కర్లేదు. వాము నీళ్లు, మిరియాల కషాయం మన వంటింటివి. డబ్బు తీసుకుని, రోగం పేరు చెప్పి, మందు చేతిలో పెట్టేచోట గీత గీయాలి. ఫీజులు పెరుగుతాయని, ఇక్కడి స్కూళ్లకే లాభమని మన బీఏఎంఎస్ వాళ్లు బాధపడటంలో న్యాయం ఉంది. అందుకే వాళ్లు బయట ఉండి విసుక్కోకుండా లోపలికెళ్లి, ఇండియాలో చదివినవాళ్లకు సరైన దారి ఉండాలని గట్టిగా అడగాలి. దాంతోపాటు మందు లేబుల్, రోగి రికార్డు, మామూలు మనిషి ఫిర్యాదు వినే ఏర్పాటు కూడా అడగాలి. పేరు వెనక అక్షరాలు తగిలించడంతో సరిపెట్టుకునే సంఘం వల్ల మనకు ఒరిగేదేమీ లేదు.

మనవైపు నుంచి చేయాల్సింది కొంచెమే. మందు తీసుకునే ముందు నాలుగు ప్రశ్నలు అడగండి. ఎక్కడ చదివారు? ఏ సంఘంలో సభ్యులు? ఇందులో ఏముంది? ల్యాబ్ రిపోర్టు ఉందా? మహాసభల్లో స్టాల్ ఇచ్చే మన తెలుగు సంఘాలు కూడా అద్దె తీసుకునే ముందు ఇవే అడిగితే బాగుంటుంది. నిజంగా చదువుకున్న వైద్యులు ఈ ప్రశ్నలకు నొచ్చుకోరు. మా బీఏఎంఎస్ అమ్మాయినే అడిగాను. "ఇన్నాళ్లకు ఒకళ్లు అడిగారక్కా" అంది.